క్యాలెడన్‌లో ఇల్లు చూస్తున్నారా? ముందు ఏ క్యాలెడనో తేల్చుకోండి

నెలకి ఒకరైనా అడుగుతుంటారు, "క్యాలెడన్‌లో ఇల్లు కొనచ్చా అండీ, బానే ఉంటుందా?" అని. కెనడా ఒంటారియో ప్రావిన్స్‌లో, టొరంటోకి వాయవ్యంగా, బ్రాంప్టన్‌కి ఆనుకుని ఉత్తరాన ఉన్న టౌను ఇది. అడిగేది ఎక్కువగా బ్రాంప్టన్‌లో ఇల్లు ఇరుకైపోయి, ఆదివారం పూట హైవే 10 మీద పైకి వెళ్లి, చెట్లూ గుర్రాలూ చూసి మనసు పారేసుకున్నవాళ్లే. నేను తిరిగి అడిగేది ఒకటే. ఏ క్యాలెడన్?

పేరుకి టౌనే గానీ దీని విస్తీర్ణం దాదాపు 688 చదరపు కిలోమీటర్లు. టొరంటో నగరం మొత్తం కలిపినా 630 చిల్లర. అంటే ఈ "టౌను" టొరంటో కంటే పెద్దది, జనం మాత్రం 2021 జనాభా లెక్కల్లో 76,581 మంది. అదే ఏడు టొరంటోలో 27 లక్షల పైచిలుకు ఉన్నారు. ఇదంతా ఒకప్పుడు ఒక ఊరు కాదు. 1974 జనవరి 1న ఆల్బియన్, క్యాలెడన్ టౌన్‌షిప్‌లనీ, చింగకూజీ టౌన్‌షిప్‌లో ఉత్తరపు సగాన్నీ, బోల్టన్, క్యాలెడన్ ఈస్ట్ గ్రామాలనీ ఒక్కచోట చేర్చి క్యాలెడన్ అని పేరు పెట్టారు. అందుకే దీనికి నడిబొడ్డు అంటూ లేదు. టౌన్ హాల్ క్యాలెడన్ ఈస్ట్‌లో ఉంటుంది, జనం ఎక్కువ ఉండేది ఆగ్నేయ మూలన బోల్టన్‌లో, ఇవి కాక హైవే 10 మీద క్యాలెడన్ విలేజ్ అని ఇంకోటి ఉంది. మా ఇంటికి మొదటిసారి వచ్చేవాళ్లలో సగం మంది ఫోన్‌లో ఒట్టి "క్యాలెడన్" అని కొట్టి ఆ విలేజ్‌లో తేలతారు, అక్కణ్ణించి ఫోన్ చేస్తారు.

కొనేవాడి లెక్కలో క్యాలెడన్ అంటే మూడు రకాల ఊళ్లు. మేఫీల్డ్ రోడ్ దాటగానే వచ్చే సౌత్‌ఫీల్డ్స్, వ్యాలీవుడ్ లాంటివి మొదటి రకం. నల్లా నీళ్లు, మురుగు లైను, ఫుట్‌పాత్‌లు అన్నీ ఉంటాయి, హైవే 410 పక్కనే. చిరునామాలో క్యాలెడన్ అని ఉంటుంది గానీ బతుకు బ్రాంప్టన్‌దే. రెండోది బోల్టన్, టౌను జనాభాలో మూడో వంతు అక్కడే. హంబర్ నది లోయలో పాత వీధులు, చుట్టూ కొత్త కాలనీలు, హైవే 50 మీద గోడౌన్లు, లారీలు. ఈ రెండింటికీ పెద్దగా పాఠాలు అక్కర్లేదు, మామూలు ఇల్లు కొన్నట్టే కొనచ్చు. మూడోది అసలు క్యాలెడన్: ఆల్టన్, బెల్ఫౌంటెన్, ఇంగిల్‌వుడ్, చెల్టెన్‌హామ్, టెర్రా కోటా, పాల్‌గ్రేవ్, వాటి మధ్య పొడుగ్గా సాగే సైడ్‌రోడ్లు, ఒక్కో ఇంటికీ ఎకరమో రెండెకరాలో స్థలం. ఇక్కడినుంచి చెప్పేదంతా ఈ మూడో రకం కోసమే. మేము ఆరేళ్లుగా ఉంటున్నది ఇందులోనే, తప్పులన్నీ చేసిందీ ఇందులోనే.

"రెండెకరాలు కొని సగం తమ్ముడికి ఇద్దాం"

ఇది మనవాళ్ల దగ్గర తరచూ వినే ప్లాను. ముందే చెప్తున్నా, చాలాచోట్ల కుదరదు. క్యాలెడన్‌లో పడమటి వైపంతా నయాగరా ఎస్కార్ప్‌మెంట్ అనే పొడుగాటి రాతి కొండచరియ, ఉత్తరం, తూర్పుల్లో ఓక్ రిడ్జెస్ మొరెయిన్ అనే మంచు యుగపు మట్టిగుట్టలు, ఈ రెండింటినీ కలుపుకుని 2005లో వచ్చిన గ్రీన్‌బెల్ట్ అనే రక్షిత ప్రాంతం. టౌను భూమిలో ఎక్కువ భాగం ఏదో ఒక రక్షణ ప్లాను కిందే ఉంది. ఎస్కార్ప్‌మెంట్‌కి 1990లో యునెస్కో జీవావరణ గుర్తింపు కూడా వచ్చింది. వీటివల్ల స్థలం ముక్కలు చేయడం, రెండో ఇల్లు కట్టడం, పెద్ద షెడ్డు వేయడం ఎక్కడికక్కడ ఆగిపోతాయి. నయాగరా ఎస్కార్ప్‌మెంట్ కమిషన్ నియంత్రణలో ఉన్న జాగా అయితే ముందు వాళ్ల డెవలప్‌మెంట్ పర్మిట్, ఆ తర్వాతే టౌను బిల్డింగ్ పర్మిట్. వాగో చిత్తడి నేలో దగ్గర్లో ఉంటే క్రెడిట్ నది వైపు ఒక కన్జర్వేషన్ అథారిటీ, హంబర్ వైపు ఇంకొకటి, వాళ్ల అనుమతి వేరే.

ఆఫర్ పెట్టకముందే చిరునామా పట్టుకుని టౌన్ ప్లానింగ్ విభాగానికి ఫోన్ చేసి మూడు ముక్కలు అడగండి: ఈ స్థలం ఏ ప్లాను కింద ఉంది, కన్జర్వేషన్ అథారిటీ పరిధిలోకి వస్తుందా, నేను అనుకుంటున్నది (డెక్కో, గరాజో, అమ్మానాన్నలకి పక్కన చిన్న యూనిటో) కట్టుకోవచ్చా. ఏజెంట్ "తర్వాత చూసుకోవచ్చు సార్" అంటే ఆ తర్వాత చూసుకోవాల్సింది మీరే, ఆయన కాదు.

దీనికి రెండో వైపు కూడా ఉంది. ఎదురుగా కనిపించే పొలం ఎప్పటికీ పొలంగానే ఉంటుందని ఎవరూ రాసివ్వరు. మంచు యుగం వదిలిపోయిన కంకర, ఎస్కార్ప్‌మెంట్ రాయి ఇక్కడి భూమి అడుగున దండిగా ఉన్నాయి, టొరంటో రోడ్లకీ కాంక్రీటుకీ అవే కావాలి. టొరంటోలో ఒంటారియో శాసనసభ భవనానికి వాడిన గులాబీ రంగు ఇసుకరాయి కూడా ఈ క్రెడిట్ లోయలోదే. కంకర తవ్వకాల మీద ఇక్కడి జనం ఏళ్లకి ఏళ్లు కొట్లాడారు. రాక్‌ఫోర్ట్ క్వారీ అనే ఒక ప్రతిపాదనని 2010లో ఒంటారియో మునిసిపల్ బోర్డు తోసిపుచ్చేదాకా అది నలుగుతూనే ఉంది. కాబట్టి చుట్టుపక్కల ఏ గుంతకి లైసెన్సు ఉంది, ఎవరు కొత్తగా అడుగుతున్నారు, లారీలు ఏ రోడ్డు మీద పోతాయి అన్నవి కనుక్కోండి. దక్షిణం వైపు చూస్తుంటే కొత్తగా రాబోయే హైవే 413 మ్యాపు ముందేసుకుని చూడండి. మిల్టన్ దగ్గర నుంచి వాన్ దగ్గర హైవే 400 దాకా 52 కిలోమీటర్ల దారి అది, క్యాలెడన్ దిగువ భాగం మీదుగానే పోతుంది.

బావి

మనూళ్లో బావి అంటే గిలక, చేద గుర్తొస్తాయి. ఇక్కడ బావి అంటే పచ్చికలోంచి మోకాలెత్తు పొడుచుకొచ్చిన ఇనప గొట్టం, దాని మీద మూత. నేల అడుగున ఎక్కడో మోటారు. అది మీ సొత్తు, అందులో నీళ్లు బాగుంటే మీ అదృష్టం, బాగోకపోతే మీ ఖర్చు.

నీళ్లలో బ్యాక్టీరియా ఉందో లేదో ఒంటారియోలో ఉచితంగా పరీక్ష చేస్తారు. పబ్లిక్ హెల్త్ దగ్గర సీసా తెచ్చుకోవాలి. సీసా అడుగున కొంచెం పొడిలాంటిది ఉంటుంది, చెత్త అనుకుని కడిగేయకండి (మొదటిసారి మా ఆవిడ శుభ్రంగా కడిగి ఆరబెట్టింది, మళ్లీ ఇంకో సీసా తెచ్చుకున్నాం). కుళాయి మూతికి ఉండే జల్లెడ తీసేసి, మూతిని స్పిరిట్‌తో తుడిచి, చన్నీళ్లు రెండు మూడు నిమిషాలు వదిలేసి, అప్పుడు గీత దాకా పట్టాలి. మూత లోపలి వైపు వేలు తగలకూడదు. ఫ్రిజ్‌లో పెట్టి, 48 గంటల లోపు ల్యాబ్‌కి అందేలా ఇచ్చేయాలి, కాబట్టి శుక్రవారం సాయంత్రం పట్టకండి. రిపోర్టులో ఈ కోలై అనే బ్యాక్టీరియా సున్నా ఉండాలి, టోటల్ కోలిఫామ్ అనే బ్యాక్టీరియా లెక్క 5 దాటకూడదు. ఒక్కసారి బాగా వచ్చిందని సంబరపడకుండా వారం పదిరోజుల ఎడంతో ఇంకో రెండుసార్లు చేయించండి.

ఇందులో ఒక మెలిక ఉంది. అమ్మేవాళ్ల ఇంట్లో నీళ్లలో క్రిముల్ని చంపే యూవీ లైటు బిగించి ఉంటే వంటింటి కుళాయి నీళ్లు ఎప్పుడూ బానే వస్తాయి, బావి ఎలా ఉందో మాత్రం తెలీదు. యూవీకి ముందు ఉన్న కుళాయి నుంచి కూడా ఒక సీసా పట్టమని ఇన్‌స్పెక్టర్‌కి చెప్పండి. ఇంకోటి, ఈ ఉచిత పరీక్ష బ్యాక్టీరియాకే. నైట్రేట్లు, సోడియం, లోహాల సంగతి కావాలంటే లైసెన్సున్న ప్రైవేటు ల్యాబ్‌కి డబ్బు కట్టి చేయించుకోవాలి. చుట్టూ పొలాలుండి, ఇంట్లో పాలపొడి కలుపుకుని తాగే పసిబిడ్డ ఉంటే నైట్రేట్ పరీక్ష ఎట్టి పరిస్థితుల్లోనూ మానకండి.

నీళ్ల నాణ్యత ఒక్కటే కాదు, ఎన్ని నీళ్లొస్తాయో కూడా చూడాలి. బావి తవ్వినవాళ్లు ప్రభుత్వానికి ఇచ్చిన రికార్డు ప్రావిన్స్ వెబ్‌సైట్‌లో మ్యాపు మీద దొరుకుతుంది. ఎంత లోతు, ఏ పొర తర్వాత ఏ పొర, నిమిషానికి ఎంత నీరు అన్నీ అందులో ఉంటాయి. రికార్డు దొరక్కపోతే బావి బాగా పాతదై ఉండచ్చు, అప్పుడు నీళ్లు ఎంత వస్తాయో కొలిచే ఫ్లో టెస్ట్ ఇంకా ముఖ్యం. ఎండాకాలం చివర్లో, అంటే ఆగస్టు సెప్టెంబరులో ఎలా ఉంటుందని పక్కింటివాళ్లని అడగండి. పక్కింటివాళ్లు నిజమే చెప్తారు, వాళ్లకి కమిషన్ రాదు.

ఇక కరెంటు. ఇక్కడ అందరూ దాన్ని హైడ్రో అంటారు. హైడ్రో పోతే బావి మోటారు ఆగుతుంది, మోటారు ఆగితే నీళ్లు రావు, నీళ్లు రాకపోతే టాయిలెట్ ఫ్లష్ ఉండదు. వినడానికి చిన్న విషయమే. మా మొదటి చలికాలంలో కొమ్మల మీద మంచు గడ్డకట్టి, అవి విరిగి తీగల మీద పడి, రెండు రోజులు హైడ్రో లేదు. ఇంట్లో తాగడానికి అరడజను సీసాలున్నాయి గానీ బకెట్టు నీళ్లు లేవు. పెద్ద స్టీలు గిన్నెల్లో మంచు ఎత్తుకొచ్చి, గ్యాసు పొయ్యి మీద కరిగించి, బాత్రూమ్‌కి మోశాం. గిన్నెడు మంచు కరిగితే చెంబెడు నీళ్లు కూడా రావని ఆ రోజే తెలిసింది. ఇప్పుడు గాలివాన హెచ్చరిక రాగానే స్నానాల తొట్టి నింపేస్తాం, జనరేటర్ కూడా ఉంది. ఇల్లు చూసేటప్పుడే ట్రాన్స్‌ఫర్ స్విచ్, అంటే ఇంటి కరెంటుని జనరేటర్ మీదికి మార్చే స్విచ్ ఉందా అని అడగండి.

సెప్టిక్

మురుగు లైను లేని ఇంటికి సొంత జాగాలోనే ఉండే మురుగు ట్యాంకు ఏర్పాటు ఇది. ఇక్కడే నేను దెబ్బతిన్నాను. "ఇరవై ఏళ్లుగా ఏ ప్రాబ్లమూ లేదు" అని అమ్మినవాళ్లు అన్నారు, ఇన్‌స్పెక్షన్ చేసినాయన పైపైన చూసి సంతకం పెట్టాడు, మేము నమ్మేశాం. గృహప్రవేశానికి నలభై మంది వచ్చారు. భోజనాలయ్యాక, సరిగ్గా అందరూ చేతులు కడుక్కునే వేళకి, కింది బాత్రూమ్‌లో నీళ్లు వెనక్కి తన్నాయి. ఆ వాసన ముందు పాయసం ఎవరికి గుర్తుంటుంది? మర్నాడు మూత తవ్వి తీయిస్తే ట్యాంకు అంచుల దాకా నిండి ఉంది, లోపలి అడ్డుపలక విరిగిపోయి చెత్తంతా టైల్ బెడ్‌లోకి పోయింది.

సెప్టిక్ ఇలా పనిచేస్తుంది: ఇంటి మురుగంతా ట్యాంకులోకి వెళ్తుంది, బరువైనది అడుక్కి దిగుతుంది, జిడ్డు పైకి తేలుతుంది, మధ్యలో తేరుకున్న నీరు మాత్రం చిల్లుల గొట్టాల గుండా మట్టిలోకి ఇంకుతుంది. ఆ గొట్టాలున్న జాగానే టైల్ బెడ్. ట్యాంకు పంపింగ్ మూడు నుంచి ఐదేళ్లకి ఒకసారి చేయిస్తే చాలు, పెద్ద ఖర్చు కాదు. టైల్ బెడ్ పాడైతే మాత్రం కొత్తది వేయించడానికి పదుల వేల డాలర్లు పెట్టాలి. కాబట్టి కొనేముందు సెప్టిక్‌కే ప్రత్యేకంగా ఒక నిపుణుణ్ణి పిలిచి, మూత తీయించి, వీలైతే ట్యాంకు ఖాళీ చేయించి లోపల చూడమనండి. పంపింగ్ రసీదులు అడగండి. మూత ఎక్కడుందో, బెడ్ ఎక్కడుందో చూపే పటం అడగండి, లేకపోతే జనవరిలో రెండడుగుల మంచు కింద గడ్డకట్టిన నేలని తవ్వుతూ వెతుక్కోవాలి. బావికీ సెప్టిక్ బెడ్‌కీ కనీసం 15 మీటర్ల దూరం ఉండాలి, అదీ గట్టి కేసింగ్ లోతుగా దింపిన బోరు బావికి. పాతకాలపు తవ్వుడు బావి అయితే 30.

ఒంటారియోలో సెప్టిక్ సైజు లెక్క కట్టేటప్పుడు బెడ్‌రూమ్‌లని కూడా లెక్కలోకి తీసుకుంటారు. మూడు బెడ్‌రూమ్‌లకి వేసిన సిస్టమ్ మీద బేస్‌మెంట్‌లో ఇంకో రెండు కట్టి అమ్ముతుంటే అక్కడ ఆగి ఆలోచించండి. ఉండటం మొదలుపెట్టాక మన వంటిళ్లలో మార్చుకోవాల్సింది ముఖ్యంగా నూనె. గారెలు, పూరీలు వేయించిన నూనె సింకులో పోయకూడదు, డబ్బాలోకి వంచి చెత్తలో వేయాలి. బెడ్ మీద కార్లు పెట్టనివ్వకండి, పండక్కి చుట్టాలొచ్చినప్పుడు ఇది తప్పకుండా జరుగుతుంది. నేను నాలుగు మేకులు కొట్టి తాడు కట్టేస్తాను.

మిగతావి గబగబా

గ్యాసు పైపు చాలా సైడ్‌రోడ్లకి రాదు, ప్రొపేన్ ట్యాంకో ఆయిల్ ట్యాంకో ఉంటుంది. కట్టెల పొయ్యి ఉంటే ఇన్సూరెన్స్‌వాళ్లు వెట్ (WETT) ఇన్‌స్పెక్షన్ అనే పొయ్యి భద్రతా తనిఖీ అడుగుతారు. ఫైర్ హైడ్రంట్ ఎంత దూరం, ఫైర్ స్టేషన్ ఎంత దూరం అన్నదాన్ని బట్టి ప్రీమియం మారుతుంది. ఇక్కడి అగ్నిమాపక సిబ్బందిలో చాలామంది వాలంటీర్లు. ఆఫర్‌కి ముందే ఇన్సూరెన్స్ కోట్ తీసుకోండి. పోలీసులంటే ఇక్కడ ఓపీపీ, అంటే ఒంటారియో ప్రావిన్స్ పోలీసులు. ఇదీ పీల్ రీజియనే అయినా బ్రాంప్టన్, మిసిసాగాల్లో తిరిగే పీల్ పోలీసులు ఇక్కడికి రారు. టౌను మొత్తానికి ఆసుపత్రి లేదు, ఉత్తరంగా ఆరెంజ్‌విల్ హెడ్‌వాటర్స్‌కో దక్షిణంగా బ్రాంప్టన్ సివిక్‌కో వెళ్లాలి. గో రైలు స్టేషన్ లేదు, హైవే 10 మీద గో బస్సు ఉంది. క్రెడిట్ లోయ పల్లాల్లో ఫోన్ సిగ్నల్ పోతుంది, ఇల్లు చూడ్డానికి వెళ్లినప్పుడే బేస్‌మెంట్‌లోంచి ఒక కాల్ చేసి చూడండి. ఒక లాభం కూడా చెప్పాలి: టొరంటోలో కొంటే ల్యాండ్ ట్రాన్స్‌ఫర్ ట్యాక్స్ ప్రావిన్స్‌కి ఒకటి, నగరానికి ఒకటి, రెండు కట్టాలి. ఇక్కడ ప్రావిన్స్‌ది ఒక్కటే.

వాసనల గురించి కూడా వినండి. ఏప్రిల్, మే నెలల్లో పొలాలకి పెంట తోలతారు, కోతల కాలంలో రాత్రి పదింటికి కూడా యంత్రాలు నడుస్తాయి. టౌనుకి ఫిర్యాదు చేద్దామనుకుంటారేమో, మామూలు వ్యవసాయ పద్ధతులకి ఒంటారియోలో 1998 నుంచి చట్టం అండగా ఉంది. రైతు మీకంటే ముందు నుంచీ ఉన్నాడు.

నన్నడిగితే అన్నిటికంటే గట్టిగా ఆలోచించాల్సింది అమ్మానాన్నల గురించి. అమ్మానాన్నలకి ఇచ్చే సూపర్ వీసా మీద వచ్చిన మా మావయ్యగారికి బ్రాంప్టన్‌లో రోజూ ఉదయం నడక, పార్కులో నలుగురు స్నేహితులు, మధ్యలో కొట్టుకెళ్లి కొత్తిమీర కట్ట, ఇదే దినచర్య. మా ఇంటికొచ్చిన మూడో రోజు గేటు దాకా వెళ్లి నిలబడ్డారు. ఫుట్‌పాత్ లేదు, కార్లు 80లో పోతున్నాయి. తిరిగొచ్చి, "ఊరు బాగుందిగానీ అల్లుడుగారూ, మనుషులేరీ?" అన్నారు. కారు నడపని పెద్దవాళ్లు నెలల తరబడి ఉంటారంటే క్యాలెడన్ ఈస్ట్, ఇంగిల్‌వుడ్, పాల్‌గ్రేవ్ లాంటి ఊళ్ల లోపల చూడండి. పాత రైలు దారిని మార్చి చేసిన 35 కిలోమీటర్ల క్యాలెడన్ ట్రైల్‌వే ఈ ఊళ్ల మీదుగానే పోతుంది, చదునుగా ఉంటుంది, కార్లుండవు. ఆయన్ని కారులో తీసుకెళ్లి అక్కడ దింపడం మొదలుపెట్టాక మాట కొంచెం మారింది.

ఎప్పుడు చూడాలి

ఆకులు రంగులు మారే అక్టోబరులో ఏ ఇల్లైనా నచ్చుతుంది. మంచు కరిగి బురదగా ఉండే మార్చి చివర్లో వెళ్లండి, బేస్‌మెంట్‌లో తేమ, డ్రైవ్‌వే గుంటలు, మట్టి రోడ్డు అసలు రంగు అన్నీ అప్పుడే కనిపిస్తాయి. మంగళవారమో బుధవారమో పొద్దున్న ఏడున్నరకి ఆ ఇంటి ముందు నుంచి మీ ఆఫీసు దాకా నిజంగా నడిపి చూడండి. బెల్ఫౌంటెన్ వైపు చూస్తుంటే అక్టోబరు శనివారం మధ్యాహ్నం కూడా ఒకసారి వెళ్లాలి, కాకపోతే ఇల్లు చూడ్డానికి కాదు, ఫోర్క్స్ ఆఫ్ ద క్రెడిట్ రోడ్డు మెలికలో కార్ల వరుస చూడ్డానికి. మీ ఇంటికి పాలు తేవాలన్నా ఆ వరుసలోనే రావాలి.

పిల్లల్ని వెంట తీసుకెళ్తే ఓల్డ్ బేస్ లైన్ రోడ్డు మీదున్న చెల్టెన్‌హామ్ బ్యాడ్‌లాండ్స్ చూపించండి. ఎర్రటి క్వీన్‌స్టన్ షేల్ గుట్టలు, పైమట్టి పశువుల మేతకీ సాగుకీ కొట్టుకుపోయి బయటపడ్డవి. జనం తొక్కి అరగదీస్తున్నారని 2015లో మూసేసి, చెక్క దారి వేసి 2018లో తెరిచారు, గుట్టల మీద అడుగు పెట్టనివ్వరు. సీజన్‌లో పార్కింగ్ ముందే బుక్ చేసుకోవాలి, రోడ్డు పక్కన ఆపితే టికెట్ పడుతుంది.

ఇల్లు దాదాపు ఖాయం అనుకున్నాక చివరిగా ఒకసారి రాత్రి తొమ్మిది దాటాక వెళ్లండి, ఇంట్లోవాళ్లందరూ. అక్టోబరు నవంబరుల్లో అయితే నెమ్మదిగా నడపండి, చీకటి పడ్డాక జింకలు అడ్డం వస్తాయి. ఇంటి ముందు రోడ్డు వారగా ఆపి లైట్లు ఆర్పేసి పది నిమిషాలు దిగి నిలబడండి. వీధి దీపాలుండవు, దూరంగా కయోటీలు ఊళ పెడుతుంటాయి. ఆ పది నిమిషాల్లో ఇంట్లో ఎవరు కారెక్కేశారో, ఎవరు తలెత్తి చుక్కలు చూస్తున్నారో గమనించండి. కారెక్కినవాళ్లే ఎక్కువమంది అయితే సౌత్‌ఫీల్డ్స్‌లో కూడా మంచి ఇళ్లున్నాయి.